పన్నొచ్చిందా బిడ్డా?

మా పెద్దమ్మ పోయింది. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే మిర్యాలగూడ నుంచి ఆమె కొడుకు, మా అన్న ఫోన్ చేసి, "అమ్మ ఇగ లేదే చెల్లె" అన్నాడు. డాక్టర్లు చేతులెత్తేసి ఇంటికి పంపిన మనిషే. అయినా కోదాడలో మా వంటింట్లో నేను "మళ్లీ చెప్పు అన్నా" అన్నాను. ఆమె మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే, నా కూతురికి అమ్మమ్మంటే ఆమే.

ఆమెకు డాక్టర్ల మాట ఒక పట్టాన ఎక్కేది కాదు. నిరుడు ఎండాకాలం మా ఇంటికి వచ్చినప్పుడు, ఎనిమిదేళ్ల నా కూతురికి దవడపన్ను సలపడం మొదలైంది. "పాలపన్నే గదా, అదే ఊడి కొత్తది వస్తది" అని లవంగం పెట్టి కూర్చోబెట్టింది. చెంప ఉబ్బేసరికి సూర్యాపేటలో పళ్ల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన చూసి, "ఇది పాలపన్ను కాదమ్మా, ఆరేళ్లకు వచ్చే అసలు పన్ను. అంతా పుచ్చిపోయింది. తీసేస్తే మళ్లీ రాదు" అన్నాడు. పెద్దమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"ఇంత పిల్లకు పాలపన్ను గాక ముసలిపన్ను ఉంటదా సారూ?"

వాపు తగ్గాక తీశారు. పిల్ల ఓర్చుకుంది గానీ, దాని చెయ్యి పట్టుకున్న పెద్దమ్మే వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంటికొచ్చాక కొరికి పట్టిన దూది జారకుండా కాపలా కూర్చుంది. "ఉమ్మకు బిడ్డా, మింగు. సందుల నాలిక పెట్టకు, వంకరపన్ను మొలుస్తది." పెరుగన్నం చల్లగా, పలుకు లేకుండా పిసికి నోట్లో పెట్టేది. నా చిన్నప్పుడు జ్వరమొస్తే నాకూ అలాగే పెట్టేది. ఆ ముద్దలకు నేను ఎప్పటికీ రుణపడే ఉంటాను.

తీసిన పన్నును అడిగి మరీ తెచ్చుకుంది. పేడలో పెట్టి ఇంటిమీదికి విసిరితే కొత్తది మొలుస్తుందని ఆమె నమ్మకం. మాది స్లాబు ఇల్లు, ఆమె లెక్కలో స్లాబు పనికిరాదు. వెనక వీధిలో బర్రెలవాళ్ల దగ్గర పేడ తెచ్చి, పక్కవాళ్ల పెంకుల మీదికి విసిరింది. ఆ ఇంటావిడ బయటికొచ్చి, "ఏంటండీ పెద్దమ్మగారూ ఈ పేడ?" అంటే, "పేడ కాదమ్మా, మా పిల్ల పన్ను" అంది, అదేదో మర్యాద చేసినట్టు.

మిర్యాలగూడ వెళ్లాక ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట అదే. "పన్నొచ్చిందా బిడ్డా?"

"ఇంకా రాలేదు అమ్మమ్మా."

"వస్తది, జర ఆగు."

రాదని నాకు తెలుసు. పిల్ల మాత్రం రోజూ అద్దం ముందు నోరు తెరిచి వెతుక్కునేది. అమ్మమ్మ చెప్పింది కదా మరి!

పెద్దమ్మ మంచాన పడ్డాక చూడ్డానికి వెళ్లాం. పిల్లను దగ్గరికి రమ్మని, వేలితో ఆ సందులో చిగురు తడిమింది. చాలాసేపు తడిమింది. చెయ్యి తీసేసి గోడవైపు తిరిగి, "రాదేమో బిడ్డా" అంది. ఆమె నోట అలాంటి మాట నేనెన్నడూ వినలేదు.

మూడోనాడు కాలువ గట్టున పిట్టకు పెట్టారు. ఆమెకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, అందరం దూరంగా నిలబడ్డాం. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. పోయినవాళ్లకు మనసులో ఏదో మిగిలిపోతే కాకి ముట్టదంటారు. అన్న ముందుకెళ్లి, "అమ్మా, ఇగ మందు ముట్టనే" అన్నాడు. వదిన ఏదో మొక్కుకుంది. ఎండ ఎక్కుతోంది, మెతుకులు ఎండిపోతున్నాయి.

అప్పుడు నా కూతురు నా చెయ్యి విడిపించుకుని విస్తరి దగ్గరికి వెళ్లింది.

"అమ్మమ్మా, పన్నొచ్చింది" అంది.

కాకి దిగలేదు. పిల్ల మాత్రం అక్కడే నిలబడి, ఎక్కడ నోరు తెరిస్తే ఆ ఖాళీ సందు అమ్మమ్మకు కనబడిపోతుందోనని, పెదాలు గట్టిగా బిగించుకుని తీగ వైపే చూస్తోంది.