తెల్లచెక్క పెట్టె

సారయ్య ఎవరింటికి వెళ్లినా ముందు దర్వాజ చూస్తాడు, ఆ తర్వాతే మనుషులను చూస్తాడు. ఒకసారి పెద్దమనిషిగా పెళ్లిచూపులకు తీసుకుపోయి పిల్లను చూడమంటే, ఆయన పిల్ల కూర్చున్న పీట కిందికి వంగి చూసి "మద్ది కట్టె, మస్తుగున్నది" అన్నాడు. ఆ సంబంధం కుదిరిందో లేదో గానీ సారయ్యను మళ్లీ ఎవరూ పెళ్లిచూపులకు పిలవలేదు.

ఈ పిచ్చి మొదటి నుంచీ ఉన్నది కాదు. పెగడపల్లి పక్క ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఒకనాడు నడుముకు కట్టుకున్న మోకు తెగి కిందపడ్డాడు. తుంటి విరిగి, జగిత్యాల దవాఖానలో పడి ఉండి ఉండి ఇంటికి వచ్చేసరికి, తాటిచెట్టు వైపు తలెత్తి చూస్తేనే కళ్లు తిరిగేవి. చేతులు మాత్రం ఊరుకోవు కదా. పెరట్లో పడి ఉన్న పాత తలుపు చెక్కను కోసి, మేకులు కొట్టి, మట్టి నింపి కొత్తిమీర చల్లాడు. అది మొలిచింది. ఇక ఆయన్ని పట్టే వాళ్లు లేకపోయారు.

ఎక్కడ పెంకుటిల్లు కూలగొట్టినా అక్కడ సారయ్య ఉంటాడు. ఊళ్లో సాయమ్మ ఇల్లు కూలిస్తే తెచ్చిన వాసాల మీద ఆయన బీర తీగ పాకింది. ఎవరివో విరిగిన మంచంకోళ్లు వంకాయ మడికి కంచె అయ్యాయి. ఒకసారి సిరిసిల్లలో పాత చేతిమగ్గం విప్పుతున్నారని తెలిసి పోయి, దాని కట్టెలన్నీ మోపు కట్టి బస్సెక్కించాడు.

"గిదేంది తాతా, బస్సనుకున్నవా, లారీ అనుకున్నవా?" అన్నాడు కండక్టర్.

"నాలుగు కట్టెలే బిడ్డా. చిక్కుడు పందిరికి."

"నువ్వు కూసో, గవి నిలబడ్తయ్. లేకుంటే గవి కూసుంటయ్, నువ్వు నిలబడు. రెండూ కూసుంటమంటే నడ్వది."

సారయ్య కట్టెలనే కూర్చోబెట్టాడు. జగిత్యాల దాకా విరిగి అతికిన తుంటితో నిలబడే వచ్చాడు.

ఇంటికి వచ్చిన వాళ్లకు చాయ్ కంటే ముందు కట్టెల కథలు. ఇది ఫలానా వాళ్ల గడప, దీన్ని తొక్కుకుంటూ ఫలానా కోడలు వచ్చింది. ఇది మగ్గం అడ్డకట్టె, ఈ అరిగిన చోట నేతాయన చెయ్యి ఆనేది. భార్య లసుమవ్వ నుదురు కొట్టుకునేది. "బజారుకు పంపితే ఉప్పు మరుస్తడు. కట్టెల చుట్టరికం మాత్రం ఏడు తరాలు చెప్తడు."

అల్లుడు దేవేందర్‌ది పక్క ఊరే. దుబాయ్‌లో పని చేసేవాడు. ఓ రాత్రి క్యాంపులో పడుకున్నవాడు పొద్దున లేవలేదు. కాగితాలన్నీ అయి శవం వచ్చేసరికి చాలా రోజులు పట్టింది. అంబులెన్సు నుంచి తెల్లచెక్క పెట్టె దించారు. మూత కొంచెం ఎత్తి చూసిన పెద్దవాళ్లు వెంటనే దించేసి, ఆడవాళ్లకు చూపించవద్దన్నారు. సారయ్య బిడ్డ శ్రీలత పెట్టె మీద పడి "ఒక్కసారి మొఖం సూపియ్యిన్రి" అని మొత్తుకుంది. చూపించలేదు. శ్మశానంలో మగవాళ్లే మూత తీసి, శవాన్ని కాష్టం మీదికి చేర్చారు. ఖాళీ పెట్టెను గోడవతల పారేశారు.

మూడోనాడు పిట్టకు పెట్టడానికి అందరితో పాటు సారయ్య పోయాడు. కాకి కోసం అందరూ ఆకాశం వైపు చూస్తుంటే, ఆయన కళ్లు గోడ అవతలికి పోయాయి. ఒక్క ముడి గానీ కన్ను గానీ లేని తెల్లటి పలకలు. ఈ దిక్కున దొరకని చెక్క. ఛీ అని తనను తానే తిట్టుకున్నాడు. కళ్లలో నీళ్లున్నాయి, నిజమే. ఆ నీళ్లలోంచే పలక వెడల్పు కొలిచాడు, అదీ నిజమే.

వదిలేస్తే గొర్లు కాసేవాళ్లు చలిమంట వేసుకుంటారనుకున్నాడు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా టీవీఎస్ బండి మీద వేసుకొని ఇంటికి తెచ్చాడు.

"గిదెక్కడిది?" అంది లసుమవ్వ.

"జగిత్యాల్ల మిషన్లు అమ్మే దుకాణపోళ్లు పారేసిన్రు."

పలకలన్నీ ఊడదీశాడు, కోశాడు, కలిపి కొట్టాడు. వాటి మీద నల్ల అక్షరాలు ఉన్నాయి. కొన్ని ఆయనకు రాని భాషవి, కొన్ని రానట్టు నటించినవి. రంద పట్టి చిత్రిక తీశాడు. అల్లుడి పేరు సన్నటి చుట్టలై కాళ్ల దగ్గర రాలింది. మూరెడు వెడల్పున, అద్దంలా నున్నటి మొక్కల పెట్టె తయారైంది. అంత మంచి పని ఆయన అంతకు ముందు చేయలేదు. కానీ అందులో మట్టి పోయడానికి చెయ్యి రాలేదు. కొట్టం కింద అట్లాగే పెట్టి, లసుమవ్వ అడిగినప్పుడల్లా "ఎండనీ" అనేవాడు.

శ్రీలత కోరుట్లలో కిరాయింట్లో ఉంటుంది. దేవేందర్ ఉన్నప్పుడే కొన్న కుట్టుమిషన్ మీద దుమ్ము పేరుకుంది. తినమంటే తినేది, లేకుంటే లేదు. ఇది కావాలి అనే మాటే ఆమె నోట పోయింది. అట్లాంటి పిల్ల ఒకనాడు తల్లిగారింటికి వచ్చి, కొట్టం కింద నిలబడి, వంగి వాసన చూసింది.

"బాపూ, గీ తెల్ల పెట్టె మస్తుగుందే. నాకిస్తవా? డాబా మీద పుదీన పెట్టుకుంట."

"గది వద్దు బిడ్డ. మెత్త కట్టె, పురుగు పడ్తది. టేకుది చేసిస్త."

"నాకు గిదే కావాలె."

లసుమవ్వ చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఉరికొచ్చింది. "ఎన్నడు లేంది పిల్ల నోరు తెరిచి అడిగితే, ఒక్క డబ్బా ఇయ్యనికి గింత ఏడుస్తున్నవేందయ్యా! చచ్చేటప్పుడు మోస్కపోతవా?"

ఆయనే దాన్ని తాడుతో ఆటో మీద కట్టాడు. ముడి పడక రెండుసార్లు విప్పి కట్టాల్సి వచ్చింది.

తర్వాత కోరుట్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "బాపూ, చిగురేసింది." "బాపూ, పక్కింటామెకు కట్ట తెంపిచ్చిన." ఒకసారి "రెండు రవికలు కుట్టిన" అని కూడా చెప్పింది. లసుమవ్వ ఆ ముచ్చట వాడకట్టంతా చెప్పుకొచ్చింది. సారయ్య మాత్రం కొట్టం కింద ఖాళీ అయిన చోటును చూస్తూ కూర్చునేవాడు.

చూడ్డానికి పోతే పుదీన తొక్కు నూరి ముందు పెట్టింది.

"నాకొద్దు బిడ్డ. డాక్టర్ పుదీన తినద్దన్నడు."

"ఏ డాక్టర్?"

"తుంటి డాక్టర్."

"తుంటికి, పుదీనకు ఏం సంబంధం బాపూ!" అని శ్రీలత నవ్వింది. అల్లుడు పోయాక మొదటిసారి. ఇంకోసారి పోయినప్పుడు పండ్లు జివ్వుమంటున్నాయన్నాడు. ఆ తర్వాత శనివారం ఒక్కపొద్దన్నాడు. ఆ రోజు బుధవారం.

కిందటిసారి పోయినప్పుడు శ్రీలత ఆయన్ని డాబా మీదికి తీసుకుపోయింది. పెట్టె నిండా పుదీన పొంగి, అంచుల మీద నుంచి వేలాడుతోంది.

"మీ ఇంట్ల ఉన్న కట్టెకట్టెకు కథ చెప్తవ్ గదా బాపూ. గీ పెట్టె కథ ఎన్నడు చెప్పకపోతివి. ఎవరిదిది?"

మిషన్ల దుకాణం మాట నాలుక మీదే ఉంది. లసుమవ్వకు చెప్పి చెప్పి నున్నగా అయిన మాట. ఆమె చేతికంటిన మట్టిని చూస్తూ ఆయన దాన్ని అనలేకపోయాడు.

"దుబాయ్ నుంచి దేవేందర్ అచ్చిన పెట్టె బిడ్డ."

తిడుతుందనుకున్నాడు. పెట్టెను కిందికి తోసేస్తుందనుకున్నాడు. ఆమె మెల్లగా మోకాళ్ల మీద కూర్చుంది.

"నాకు మొఖం సూపియ్యలే గదా. గిందుల ఆయన మొఖం ఎటు దిక్కుండె?"

ఎవరి గడపో, ఎవరి మగ్గమో, ఎవరి చెయ్యి ఎక్కడ ఆనిందో చెప్పే మనిషి ఆ పలకల వైపు చూశాడు. ఏది తల దగ్గరిదో, ఏది కాళ్ల దగ్గరిదో, ఏది మూతో ఏమీ గుర్తు లేదు. గుర్తుండకుండా చేసింది తనే.

"తెల్వది బిడ్డ. అన్నీ ఊడదీసి కలిపిన. రంద పట్టిన."

"రాతలేమన్న ఉండెనా?"

"ఉండె."

"ఆయన పేరుండెనా?"

సారయ్య తలూపాడు. శ్రీలత ఒక్కో పలక మీద అరచెయ్యి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి రాసుకుంటూ పోయింది. ఎక్కడా చిన్న గరుకు కూడా తగల్లేదు.

"మంచిగ నున్నగ చేసినవ్ బాపూ" అంది.

ఎత్తిపొడుపైతే ఆయన తట్టుకునేవాడే. అది ఎత్తిపొడుపు కాదు. ఆమె అటు తిరిగి కూర్చుని, "ఇగ పో బాపూ, బస్సు పోతది" అంది.

మెట్లు దిగి రోడ్డెక్కాక కాలికి వేడి తగిలితే తెలిసింది, చెప్పులు డాబా మీదే ఉన్నాయని. మళ్లీ మెట్లెక్కే ధైర్యం లేదు. బస్సులో కండక్టర్ కాళ్ల వైపు చూసి, "ఏం తాతా, చెప్పులు ఎవరికి దానమిచ్చినవ్?" అన్నాడు. గుడి కాడ ఎవరో ఎత్తుకపోయిన్రని చెప్తే నలుగురూ నవ్వారు. సారయ్య కూడా నవ్వాడు.

ఆ తర్వాత కోరుట్ల నుంచి ఫోను లేదు. లసుమవ్వ చేస్తే "మంచిగనే ఉన్న అవ్వా" అని పెట్టేస్తుందట. పుదీన ఎట్లుందే అంటే జవాబు చెప్పదట. కొత్త చెప్పులు కొనుక్కోమని లసుమవ్వ పోరుతోంది. ముళ్లలో, మేకుల్లో వట్టి కాళ్లతో తిరుగుతావేమని తిడుతోంది. సారయ్య వినడు. కొత్తవి కొంటే ఆ పాతవి తెచ్చుకోవాలన్న సాకు పోతుంది, కోరుట్ల బస్సెక్కడానికి ఆయన దగ్గర ఇంకో సాకు లేదు.