మనవరాలి సంచీ సోదా
ఊరి బడిలో ఎనిమిదో తరగతి చదివి, బస్సు కండక్టరుగా చేరి, చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషిని మనమంతా గౌరవంగానే చూడాలి. టికెట్ లేనివాడు కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటికి చూస్తాడని కనిపెట్టింది ఈ చెకింగ్ తాతయ్యే. ఒక పోలీసు అధికారి బావమరిది చేత కూడా జరిమానా కట్టించాడు. మెడల్ అందుకున్న ఫొటో ముందుగదిలో ఉంటుంది. వచ్చినవాళ్ల చూపు దానిమీద పడేదాకా మంచినీళ్లు కూడా రావు.

అంతటివాడి కూతురు పాపను తీసుకుని పుట్టింటికొచ్చి విడాకులకు సిద్ధపడింది. కోర్టు కేసు తీసుకోవాలంటే ముందు ఇద్దరూ మధ్యవర్తి ఎదుట కూర్చుని, పాప ఎవరి దగ్గర ఉండాలో మాట్లాడుకు రావాలన్నారు. అది తప్పనిసరి. అల్లుడు అడిగీ అడగ్గానే సరేనన్నాడు. తాతయ్యకు అక్కడే అనుమానం వచ్చింది.

"అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే మనసులో ఏదో పెట్టుకున్నాడమ్మా."

"ఆయన మనసులో ఏదైనా దాగితే మేమిన్నాళ్లు గొడవపడేవాళ్లమే కాదు నాన్నా" అంది కూతురు.

మాటలు తేలేదాకా శని, ఆదివారాలు పాప తండ్రి దగ్గర ఉండి వచ్చేది. రాగానే తాతయ్య గుమ్మంలోనే ఆపేవాడు. సంచీ జిప్పు లాగి ఒక్కొక్కటే బయటికి తీసేవాడు. "ఇదెవరు కొన్నారు? అమ్మ గురించి ఏమడిగాడు?" పాప గోడకేసి చూస్తూ జవాబులు చెప్పేది.

కొన్నాళ్లకు సంచీలో ఏమీ దొరకకుండా పోయింది. ఏమీ దొరకని సంచీని ఆయన సర్వీసులో ఎన్నడూ నమ్మలేదు. తర్వాతి ఆదివారం పైమెట్టు మీద నక్కి కిందికి చూశాడు. పాప సంచీలోంచి ఏవో తీసి మెట్ల కింద నీళ్ల మీటరు పెట్టె తలుపు వెనక్కి తోసి, చేతులు గౌనుకు తుడుచుకుని పైకొచ్చింది. ఆయన దిగి వెళ్లి చూస్తే గుడ్డ కుందేలు, రంగు పెన్సిళ్లు, కొత్త మేజోళ్లు.

అల్లుడు దొరికాడు, అనుకున్నాడు తాతయ్య. దీంతో తండ్రి దగ్గరికి పంపడమే ఆగిపోతుంది, పిల్ల మన ఇంటిదే అవుతుంది.

మర్నాడు కూతురి వెంట వెళ్లి, మధ్యవర్తి ముందున్న బల్లమీద వాటిని పరిచాడు. "చూడండి మేడమ్. పసిదానికి దాచడం నేర్పుతున్నాడు. ఈ రాకపోకలు ఆపించండి."

అల్లుడు కుందేలును చేతిలోకి తీసుకున్నాడు. "ఇది పోయిందని పాప చెప్పింది మావయ్యా నాతో." దాని చెవులు సరిచేస్తూ అన్నాడు: "మీరు కొన్న స్వెటరు మా మెట్ల కిందే విప్పేసి నా స్కూటర్ డిక్కీలో పెట్టేస్తోంది. మా అమ్మ అడుగుతుందని."

"ఏమడుగుతారు?" అంది మధ్యవర్తి.

"ఇదెవరు కొన్నారని."

ఇదీ నాటకమేనేమోనని తాతయ్య కూతురి వైపు తిరిగాడు. ఆమె తల వంచుకుని ఉంది.

"మీటరు సంగతి నాకు ముందే తెలుసు నాన్నా. చెబితే నువ్వు అక్కడా సోదా చేస్తావని చెప్పలేదు."

సొంత కూతురూ తన దగ్గర దాచింది.

ఏ ఇంట్లోనూ పాప సంచీ వెతకకూడదు, ఆరాలు తీయకూడదు. ఒప్పందంలో మధ్యవర్తి మొదట రాయించింది అదే. "పెద్దాయనా, మీరు కూడా మాటివ్వాలి."

"వాళ్లు వెతకరని గ్యారంటీ ఏంటి?"

"ఏమీ లేదండీ."

"మరెలా తెలుస్తుంది?"

"పిల్లనడుగుదాం నాన్నా" అంది కూతురు. అల్లుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. చాన్నాళ్లకు ఆ ఇద్దరూ ఒకేసారి నవ్వారు. తాతయ్యకు అది కూడా అనుమానంగానే తోచింది, కానీ తలూపాడు.

ఆ ఆదివారం పాప వచ్చి, గుమ్మంలో నిలబడి, జిప్పు తనే తీసి సంచీ చాచింది.

"లోపల పెట్టుకోమ్మా."

"చూడవా తాతయ్యా?"

"చూడను."

పాప ఆయన ముఖం వంకా, చేతుల వంకా చూసింది. గడప దాటలేదు.

"అయితే ఎవరు చూస్తారు?" అంది.