ఆయన వేసిన జాయింటు

మా వారు ముప్పై ఏళ్లు ఓడలరేవు వైపు గ్యాసు పైపులకు వెల్డింగ్ చేశారు. అక్కడ జాయింటు వేశాక దానికి ఎక్స్‌రే తీసినట్టు రేడియేషన్‌తో ఫిల్ము తీస్తారు. ఫిల్ములో మచ్చ కనిపిస్తే ఆ జాయింటు కోసేసి మళ్ళీ వెయ్యాలి. అందుకే మా ఇంట్లో రేడియేషన్ అంటే తప్పు పట్టేదని లెక్క.

మా అమ్మాయి పై ఊళ్ళో ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. మూడేళ్ల కిందట స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేట్లు తెచ్చి నాన్నగారి చేతే జాయింటు వేయించుకుంది. వాటిని ముక్కలుగా కోసి, చాలాకాలం రేడియేషన్‌లో ఉంచి, తరువాత యంత్రంతో లాగి, ఎంత సాగుతాయో చూస్తారట.

ఈ వేసవిలో ఆ ముక్కలు పెద్దగా సాగకుండానే విరిగాయని ఫోనులో నాన్నగారితో మామూలుగా చెప్పింది. ఆయన మరేమీ అడగలేదు. మర్నాటి నుంచి ఇంటి పక్కనున్న వెల్డింగ్ షెడ్డు తియ్యలేదు. వచ్చిన పనులు కూడా వద్దనేశారు. వారం పోయాక నేను అడిగితే అప్పుడన్నారు: “నా చెయ్యి పోయిందే. అది చదువంతా నా జాయింటు మీద పెట్టుకుంది, పిచ్చిది.”

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా అమ్మ బైబిలు ముందు పెట్టుకుని నేర్పిన అక్షరాలే నా చదువు. స్టీలు సంగతి నాకేం తెలుసు? ప్రార్థన చేసుకుని అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆదివారం ఆరాధన వేళకి వచ్చేసింది.

భోజనాలయ్యాక సంచిలోంచి ఒక ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. బాగా సాగి, సన్నబడి, అప్పుడు విరిగిన ముక్క.

“ఇదీ మీరు వేసిందే నాన్నగారూ. అదే ప్లేటు. దీన్ని రేడియేషన్‌లో పెట్టలేదంతే.”

“మరి అవి?”

“అవి గట్టిపడిపోయేయి. లాగడానికి బలం ఎక్కువే పట్టింది గాని సాగే గుణం తగ్గిపోయింది. జాయింటొక్కటే కాదండీ, పక్కనున్న ప్లేటూ గట్టిపడింది. విరిగేదాకా లాగడమే మా పని.”

“అంటే రిజెక్టు కాదా?”

“కాదండీ. మీరు శుభ్రంగా వెయ్యబట్టే, ఆ మార్పు రేడియేషన్ వల్లేనని చెప్పగలుగుతున్నాం.”

కష్టం వచ్చినప్పుడల్లా నన్ను గట్టిదాన్ని చెయ్యమని దేవుణ్ణి అడిగేదాన్ని. ఇప్పుడు కాస్త సాగే గుణం కూడా ఉంచమంటున్నాను. ఆ మాట నాకు తట్టేలా చేసినందుకు దేవుడికి స్తోత్రం.

మా వారు ముక్కని వెలుతురుకి పట్టి, విరిగిన చోటు బొటనవేలితో తడిమి చూశారు.

“ప్లేటు విరిగింది. జాయింటు కాదు,” అన్నారు, పాఠం చెబుతున్నట్టు.

“ఆయ్,” అంది అమ్మాయి.