నల్ల తూటాలకు బొట్టు

మొన్న దసరాకి పెర్త్ శివారు పియారా వాటర్స్‌లోని మా ఇంట్లో ఆయుధపూజకు కూర్చున్నవి మనవరాలి ల్యాప్‌టాప్, రెండు కార్ల తాళాలు, నా కత్తిపీట, ఆ పూటకని ఇనప్పెట్టెలోంచి మావారు తీసి తెచ్చిన తూటాల పెట్టె. కుంకుమ భరిణె పట్టుకుని వరసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చినదాన్ని ఆ పెట్టె దగ్గర ఆగిపోయాను. మావారు కళ్ళజోడు సర్దుకుని నావంక చూశారు. ఇద్దరికీ ఒకే మధ్యాహ్నం గుర్తుకొచ్చిందని ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు.

ఈ దేశం వచ్చిన కొత్తలో పెర్త్‌కి చాలా దూరంగా, గోధుమ పొలాల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నేను మందుల షాపులో ఫార్మసిస్టుని, ఆయన ధాన్యం గోదాముల్లో ఇంజనీరు. అలాంటి ఊళ్ళో నలుగురిలో కలవాలంటే శనివారం మధ్యాహ్నం ఏదో ఒక ఆటలో ఉండాలని మన వయసువాళ్ళకి వేరే చెప్పాలా? ఫుట్‌బాల్‌కి ఒళ్ళు వంగదు, బీరు సయించదు, అంచేత మావారు రైఫిల్ క్లబ్బులో చేరారు. చేరినవారు ఊరికే ఉన్నారా అంటే, కొన్న తూటాలు పనికిరావని, ఇత్తడి గొట్టాల్లో తుపాకిమందు తూచి పోసి, మూతికి బుల్లెట్ బిగించి, అన్నీ ఇంట్లోనే తయారుచేసుకోవడం మొదలుపెట్టారు.

అప్పట్లో క్లబ్బులో బుల్లెట్లకు నల్లపొడి పూత పూయడం కొత్త మోజు. నూనె కాదు, తడి కాదు, పెన్సిలు ముల్లు అరగదీసినట్టుండే మెత్తటి పొడి. ఆ పొడిలో బుల్లెట్లను డబ్బాలో వేసి గంటలకొద్దీ దొర్లిస్తే కాటుక పూసినట్టు తయారయ్యేవి. దాని గుణగణాలు ఆయన నాకు భోజనాల దగ్గర పాఠంలా చెప్పేవారు. పూత ఉంటే బుల్లెట్ రైఫిల్ గొట్టంలో నునుపుగా జారుతుంది, బుల్లెట్ మీది రాగి తొడుగు గొట్టానికి అంటుకోదు, మాటిమాటికీ గొట్టం శుభ్రం చెయ్యక్కర్లేదు. కానీ రాపిడి తగ్గితే లోపల ఒత్తిడీ తగ్గి వేగం పడిపోతుంది కనుక, దాన్ని పూడ్చడానికి మందు కాస్త పెంచుకుంటారు. అలా పెంచిన మందు మీద పూతలేని బుల్లెట్ పెట్టి కాలిస్తే మాత్రం ఒత్తిడి హద్దు దాటుతుందని, రైఫిల్ ముఖం మీదే పగలవచ్చని చెప్పేవారు. నేను పప్పులో నెయ్యి వేస్తూ ఊకొట్టేదాన్ని. ఆ ఊకొట్టడమే తరవాత అక్కరకొచ్చింది.

ఆ ఏడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ కంట మసి పడితే చెయ్యి ఊరుకోదు. చింతపండు, కొబ్బరిపీచు ఉంటే ఏ ఇత్తడినైనా బంగారం చేసి వదిలేవారు. దసరా శనివారమే వచ్చింది, అదే రోజు క్లబ్బులో పెద్ద పోటీ. మావారు తూటాల పెట్టె బల్ల మీద పెట్టి, కారు వెనక సామాను సర్దడానికి వెళ్ళారు. ఆ పెట్టెలో తూటాలు ముక్కు కిందికి, ఇత్తడి అడుగు పైకి ఉండేలా నిలబడి ఉంటాయి. తిరిగి వచ్చేసరికి మూత మీద ఎర్రగా బొట్టు ఉంది. ఆయన మురిసిపోయి, పెట్టె కళ్ళకద్దుకుని వెళ్ళిపోయారు. పెరట్లో బట్టలు ఆరేసి వచ్చిన నాకు ఆ మాట అత్తగారే సంబరంగా చెప్పారు.

నేనూ నవ్వాను. నవ్వుతూనే వంటింట్లోకి వెళితే సింకులో నల్లనీళ్ళు, పక్కన చింతపండు పిప్పి. కడగని వస్తువుకు మా అత్తగారు బొట్టు పెట్టరు.

"అత్తయ్యా, ఆ తూటాలు తోమారా?"

"తోమక? కొసలన్నీ మసి పట్టి ఉన్నాయమ్మాయ్. పీచుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, ఎలా ఉన్నవి అలాగే పెట్టేశాను. పండగపూట మసివి పూజకి పెడతామా ఏమిటి?"

క్లబ్బువాళ్ళు కాల్చే రేంజిలో ఫోనుకి సిగ్నల్ అందదు. ఉన్న ఒక్క కారూ ఆయన తీసుకెళ్ళారు. పక్కింటి రైతుగారి యూట్, అదే చిన్న ట్రక్కు, తాళాలు అడుక్కుని కంకర రోడ్డెక్కాను. పొలాలు దాటుతుంటే కాల్పులు వినబడడం మొదలైంది. ప్రతి మోతకీ ఇది ఆయనదేనేమో అనుకోవడం, వెంటనే ఇంకో మోత వినబడితే పోటీ ఆగలేదు, బతికాననుకోవడం. ఒకచోట మోతలు పూర్తిగా ఆగిపోయాయి. అంత భయం నేను పురుడు పోసుకున్నప్పుడు కూడా పడలేదు.

రేంజి మీద కాల్పులు సాగుతున్నాయని చెప్పే ఎర్రజెండా ఎగురుతోంది. మొదటి జట్టు వంతు అయిపోయి, మావారున్న రెండో జట్టు అప్పుడే చాపల మీద బోర్లా పడుకుంది. మావారి చెవులకి మోత తగలకుండా మఫ్‌లు, చూపు దూరాన గాలిజెండాల మీద. చెయ్యి తడుముకుంటూ పెట్టెలోంచి తూటా తీసి, అటు చూడకుండానే లోపల పెట్టి రైఫిల్ బోల్టు మూసింది. కాల్చేవాళ్ళ వరసకేసి పరిగెత్తకూడదని నాకు తెలుసు. ప్రమాదం చూసిన ఎవరైనా కాల్పులు ఆపమని అరవచ్చనీ తెలుసు, అదీ భోజనాల దగ్గర పాఠమే. పట్టుచీరలో నిలబడి గొంతు చిరిగేలా "సీజ్ ఫైర్" అని అరిచాను.

అందరూ ట్రిగ్గర్ల మీంచి వేళ్ళు తీసేశారు. క్లబ్బు పెద్దాయన నా దగ్గరికొచ్చి "యూ ఆల్‌రైట్, లవ్?" అన్నారు, బాగానే ఉన్నావా అమ్మాయ్ అన్నట్టు. నేను మావారి పెట్టెకేసి చెయ్యి చూపించాను. మావారు బోల్టు తెరిచి తూటా బయటికి తీశారు. కొస కొత్త రాగిచెంబులా ఎర్రగా మెరుస్తోంది. దాన్నీ, మూత మీది బొట్టునీ, నన్నూ చూశారు. తూటాని పెట్టెలో పెట్టి మూత వేసి, చాప మీంచి లేచారు.

పోటీ వదులుకున్నారు. మందు పోయడంలో తన లెక్కే తప్పిందని క్లబ్బువాళ్ళకి చెప్పారు. ఇంటికొచ్చాక ఆయుధం ఎలా పలికిందిరా అని అత్తగారు అడిగితే, నీ బొట్టు మమ్మల్ని కాపాడిందమ్మా అన్నారు. అది అబద్ధమూ కాదు. మర్నాడు కూర్చుని ఆ తూటాలన్నీ ఊడదీశారు, మళ్ళీ ఎన్నడూ పూత జోలికి పోలేదు. ఎవరైనా అడిగితే, ఆ పొడి కింద చెమ్మ చేరి గొట్టం తుప్పు పడుతుందని చెబుతారు. అదీ నిజమే, కాకపోతే అసలు కారణం మా ఇంట్లో చింతపండుతో తిరిగేదని మా ఇద్దరికే తెలుసు.

అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆయన బుల్లెట్లకి ఏ పూత పూసినా గీకేవాళ్ళు ఈ ఇంట్లో లేరు, అయినా పూయరు. ఇత్తడి సామాను నేనూ ఏడాదికోసారి సీసాలో దొరికే ద్రావకంతో తుడిచి అయిందనిపిస్తాను. మనవరాలికి మసి అంటే ఏమిటో తెలియదు. మొన్న ఆ పెట్టె తెరిచి చూస్తే ఇత్తడి వెలవెలబోయి ఉంది. తోమనా అన్నట్టు మావారికేసి చూశాను. వద్దని తల ఊపి, ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నారు. మూత వేసి, మా ఇంట్లో మొదటిసారిగా, కడగకుండానే బొట్టు పెట్టాను.