ఒక్క నల్ల గుండీ

మేడమీది కుట్టు హాల్లో ఎవరినడిగినా ఆమె అసలు పేరు చెప్పలేరు. అందరికీ ఆమె కాజాలక్క. ఇరవై రెండేళ్లుగా ఆ హాలుకు వెళ్లే మెట్ల మలుపులో, గోడకు ఆనించిన ఎత్తుపీట మీద కూర్చుని, లోపలి దర్జీలు కుట్టిన కోట్లకూ చొక్కాలకూ గుండీలు దూరే కాజాలు తీసేది, గుండీలు కుట్టేది, అంచులు మడిచేది. మెట్లెక్కి వచ్చే ప్రతివాళ్లూ ఆమె మోకాళ్లు దాటుకుని వెళ్లాల్సిందే. "అక్కా, కాళ్లు" అంటే చాలు, తలెత్తకుండానే పక్కకు జరిగేది.

హాల్లో ఎనిమిది బల్లలు, సంఘంలో ఎనిమిదిమంది సభ్యులు. బల్ల ఉన్నవాళ్లే సొంతంగా కొలతలు తీసుకోవచ్చు, కుట్టిన బట్టలో తమ పేరు పట్టీ వేసుకోవచ్చు. కాజాలక్కకు ఆ రెండూ లేవు. పనిమాత్రం వచ్చు. తెరిచి ఉన్న తలుపులోంచి సంఘం పెద్ద బల్ల సగం కనపడేది. ఆయన్ని అందరూ పెద్ద మాస్టరు అనేవారు. ఆయన సుద్దముక్క ఎటు తిరిగితే ఆమె కళ్లు అటు తిరిగేవి. ఇంటికెళ్లి పాత పేపర్ల మీద అవే గీతలు గీసి కత్తిరించేది. కొన్నాళ్లకు సభ్యులే చాటుగా కోటు తెచ్చి, "అక్కా, ఈ భుజం ఎందుకో ఎగదన్నుతోంది, కాస్త చూడవూ" అని ఒళ్లో పడేసి పోయేవారు. ఆమె విప్పి, సర్ది, కుట్టి ఇచ్చేది. లోపల పట్టీ మీద పేరు వాళ్లదే.

తల్లి పోయేనాటికి ఆమెకు పద్దెనిమిది, తమ్ముడికి ఆరు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా "వాడు చేతికందనీండి, చూద్దాం" అంది. వాడు చేతికందేసరికి ఆ మాట ఎత్తేవాళ్లే లేకపోయారు. తమ్ముడికి బస్సు డిపోలో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. వచ్చిన మరదలికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని మరీ నేర్పింది. ఆ పిల్ల చురుకైనది, మూడేళ్లలో కోటు కుట్టే స్థాయికి వచ్చింది.

ఏడెనిమిదేళ్ల కిందట హాల్లో ఒక బల్ల ఖాళీ అయితే, అందరూ అది కాజాలక్కకే అనుకున్నారు. ఆమె మాత్రం, "నాదేముంది, ఇన్నాళ్లున్నాను, ఇంకొన్నాళ్లుంటాను. మా మరదలికివ్వండి, చిన్నపిల్ల, ముందు చాలా బతుకుంది" అని ఒక్కొక్కరినీ అడిగింది. ఇచ్చారు.

ఇవ్వడమంటే ఓటు పెట్టి ఇవ్వడం. సంఘం పెట్టిననాటి నుంచీ ఒకటే పద్ధతి. ప్రతి సభ్యుడికీ ఒక తెల్ల గుండీ, ఒక నల్ల గుండీ ఇస్తారు. చెయ్యి పట్టేంత కన్నం ఉన్న రేకు డబ్బా చుట్టూ తిప్పుతారు. కొత్తవాళ్లు కావాలనుకుంటే తెల్లది వెయ్యాలి, వద్దనుకుంటే నల్లది. మిగిలినది రెండో డబ్బాలో పడెయ్యాలి. ఒక్క నల్లది వచ్చినా ఆ మనిషికి తలుపు మూసినట్టే. ఎవరు వేశారో అడగకూడదు, చెప్పకూడదు. మరదలికి అన్నీ తెల్లవే వచ్చాయి.

ఆ తర్వాత ఆరేళ్లు ఏ బల్లా ఖాళీ కాలేదు. పోయిన ఏడాది, కిటికీ పక్కన కూర్చునే ముసలాయన చూపు మందగించి పని మానేశాడు. ఈసారి కాజాలక్క నోరు తెరిచి అడిగింది. "అదేం మాటక్కా, నీక్కాకపోతే ఇంకెవరికి?" అన్నారందరూ. పెద్ద మాస్టరు ఒక్కడే "చూద్దాం" అని టేపు మెళ్లో వేసుకుని వెళ్లిపోయాడు. మరదలైతే ఆ కిటికీ అద్దాలు తుడిచి, "వదినా, ఎండ నీ కుడిచేతి మీద పడుతుంది, చూసుకో" అని మురిసిపోయింది.

ఓటు సోమవారం మధ్యాహ్నం. తలుపు వేసుకున్నారు. కాజాలక్క ఎప్పటిలాగే మెట్ల మలుపులో కూర్చుని, ఒక రిటైరైన ఇంగ్లీషు మాస్టారి కోటుకు గుండీ కుడుతోంది. ఆయన పై మెట్టు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. తలుపు తెరుచుకుంది. పెద్ద మాస్టరు డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆరు తెల్లవి," అన్నాడు. డబ్బాలోకి మరోసారి చూసి, "ఒకటి నల్లది" అన్నాడు.

సూది వేల్లో దిగిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు. కోటు మీద మరక పడకుండా ఇంగ్లీషు మాస్టారే దాన్ని మెల్లగా లాక్కున్నాడు. ఆయనకు ఏం చెప్పి ఓదార్చాలో తోచక తనకు తెలిసిందే చెప్పాడు. "దీనికి ఇంగ్లీషులో ఒక మాటుందమ్మా. బ్లాక్‌బాల్ అంటారు. అక్కడా ఇంతే, గుండీలకు బదులు చిన్న చిన్న బంతులు వేసేవారట. ఒక్క నల్ల బంతి పడిందా, ఆ మనిషి బయటే."

"బంతి విసిరి కొట్టినా బాగుండేది సార్," అంది ఆమె. "ఎటునుంచి వచ్చిందో చూసేదాన్ని."

ఆ వారమంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఒట్లు పెట్టారు. పిల్లల మీద ఒకరు, కళ్ల మీద ఒకరు, మిషను మీద ఒకరు. మరదలు ఆమెను కావలించుకుని ఏడ్చింది. "ఏ చెయ్యి వేసిందో ఆ చెయ్యి పడిపోనూ!" అంది. తమ్ముడు సంచీనిండా పళ్లు తెచ్చి, తలొంచుకుని కూర్చుని, "పోనీలే అక్కా, వాళ్లతో నీకెందుకు" అన్నాడు. ఆ తలొంచుకోవడం చూసి, పిచ్చివాడు తనకంటే ఎక్కువ బాధపడుతున్నాడనుకుంది.

ఒట్టు పెట్టడానికి రానిది పెద్ద మాస్టరు ఒక్కడే. ఇంకేముంది, ఆయనేనని తీర్మానించుకుంది. ఆయన బట్టలు ముట్టుకోవడం మానేసింది. మెట్లెక్కుతుంటే కాళ్లు జరపడం కూడా మానేసింది. ఆయన కాళ్లు ఎత్తి ఎత్తి వేసుకుంటూ దాటేవాడు. తన కోట్లకు తనే కాజాలు తీసుకునేవాడు. అవి ఎలుక కొరికినట్టు ఉండేవి.

ఇలా ఏడు నెలలు నడిచింది. ఒకరోజు పొద్దున ఆయన దాటి వెళ్లకుండా మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇంకెన్నాళ్లమ్మా ఈ శిక్ష?"

"మీరు చేసిందానికి ఇది శిక్షా?"

"నాకిష్టం లేకపోతే మొహం మీదే చెప్తాను. నీ నోటి దురుసు నాకు గిట్టదు, ఆ మాట నీకు చాలాసార్లు చెప్పాను కదా. నీ పని గురించి ఎప్పుడైనా ఒక్క మాటన్నానా?"

ఆమె ఆలోచించింది. ఆయన ఎప్పుడూ అనలేదు.

"మరెవరు?"

"చూసినవాణ్ని కాను, పేరు చెప్పలేను. కానీ ఓటుకు ముందురోజు ఒకరొచ్చి నన్నో మాట అడిగారు. 'ఒక్క నల్లది పడితే చాలా, రెండు పడాలా?' అని. ఊరికే అడిగారేమో అనుకున్నాను. తర్వాత నిద్ర పట్టలేదు."

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. కాజాలక్క చేతిలో కాజా సగంలో ఆగిపోయింది. ఆ లెక్క తెలియనివాళ్లు ఆ హాల్లో ఎవరు? అందరూ ఒకసారైనా ఓటు వేసినవాళ్లే, కనీసం ఆరేళ్ల కిందట. అప్పుడు తలుపు బయట, తన పక్కనే ఈ మెట్టు మీద కూర్చుని, తన చెయ్యి పట్టుకుని వణికినది ఒక్కతే. దానికే తెలియదు.

కాదు, కాదు అనుకుంది. రెండు రోజులు అన్నం సహించలేదు.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడింటికి వెళ్లింది. మరదలు బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. తమ్ముడు కుర్చీలో కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు.

"పెద్ద మాస్టర్ని ఒక మాట అడిగావటగా," అంది కాజాలక్క.

అంతే. మరదలి చేతిలోని తడి దుప్పటి నేలమీదికి జారింది. దాన్ని ఎత్తబోయి, తలొంచుకునే అంది:

"నువ్వు లోపలికొస్తే నేనేమైపోతాను వదినా? ఇప్పటికీ ఏ కోటు కుట్టినా 'మీ వదిన చేతి పని కదా' అంటారు. నువ్వే ఎదురుగా కూర్చుంటే నన్నెవరు చూస్తారు? మళ్లీ నీ వంటింట్లో కూర్చున్నట్టే కదా?"

"ఆ మాట నాతో చెప్తే నేనే ఆగిపోయేదాన్నే పిచ్చిదానా."

"అందుకే చెప్పలేదు," అంది మరదలు. "ఆగిపోతావు. మళ్లీ నీ రుణంలోనే ఉండాలి."

కాజాలక్క తమ్ముడి వైపు తిరిగింది. వాడు బ్రష్షు పట్టుకుని ఒకే బూటును రుద్దుతూనే ఉన్నాడు.

"నీకెప్పుడు తెలుసురా?"

వాడు బ్రష్షును మళ్లీ పాలిష్ డబ్బాలో అద్దాడు.

"నిన్నే."

"ఆ రోజే, అక్కా. ఇంటికి రాగానే చెప్పింది."

"అంటే, పళ్లు తెచ్చిన రోజుకి తెలుసు."

"ఏం చెయ్యమంటావు? ఇటు నువ్వు, అటు ఇది..."

"ఏడు నెలలు. ప్రతి వారం వచ్చి నా ఎదురుగా కూర్చుని భోంచేశావు. నేను ఆ పెద్దాయన్ని తిట్టిపోస్తుంటే వింటూ కూర్చున్నావు."

మరదలు చేసింది ఆమెను కోసింది కానీ, ఎందుకు చేసిందో ఎక్కడో అర్థమైంది. తను పెంచినవాడి మౌనం మాత్రం ఏ వైపు నుంచి చూసినా అర్థం కాలేదు. ఏడుపు కూడా రాలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగింది. వెనకనుంచి "అక్కా" అని పిలిచాడు. ఆ పిలుపుకు ఆగకపోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

మర్నాడు తనే వెళ్లి పెద్ద మాస్టరు బల్ల మీది కోట్లు తెచ్చుకుంది. "నన్ను క్షమించండి" అంది. "క్షమాపణ సంగతి తర్వాత, ముందు ఈ ఎలుకబొరియలు విప్పు" అన్నాడాయన.

సంవత్సరం తిరగ్గానే ఆయన మళ్లీ ఓటు పెడతానన్నాడు. కాజాలక్క ఒక షరతు పెట్టింది. డబ్బా వద్దు, తలుపు వెయ్యొద్దు. ఎవరికి ఇష్టం లేదో తన కళ్లముందే చెప్పాలి. సంఘంలో గొడవైంది, పద్ధతి పద్ధతే అన్నారు కొందరు. పెద్ద మాస్టరు వాళ్లను ఒప్పించాడు. ఆమె హాలు మధ్యలో నిలబడింది. చేతులెత్తమన్నారు. ఏడు చేతులూ లేచాయి. అందరికంటే ముందు లేచింది మరదలి చెయ్యి.

కిటికీ పక్క బల్ల ఆమెదయింది. పేరు పట్టీలు వేయించుకుంది. చాలామంది ఆమె అసలు పేరు మొదటిసారి చదివింది వాటి మీదే. తమ్ముడు వస్తే కూర్చోమంటుంది, పిల్లాడి చదువు అడుగుతుంది, భోజనానికి ఉండమని మాత్రం అనదు. వాడూ అడగడు.

మరదలు రెండు బల్లల అవతల. అవసరమైతే "కత్తెర", "దారం" అనే రెండు మాటలే వాళ్ల మధ్య నడుస్తాయి. మొన్నొకసారి మరదలు చంక చెడిన కోటొకటి తెచ్చి, ఏమీ చెప్పకుండా ఆమె బల్ల అంచున పెట్టి వెళ్లింది. కాజాలక్క అరగంట దాన్ని ముట్టుకోలేదు. తర్వాత విప్పి, సర్ది, కుట్టి, అంతే నిశ్శబ్దంగా తీసుకెళ్లి పెట్టేసింది. చూసినవాళ్లు వదినా మరదళ్లు కలిసిపోయారనుకున్నారు. ఆమె తర్వాతి కోటుకు కొలత చూసుకుంటూ సుద్దముక్క వెతుక్కుంది.