తోకలోని కనకాంబరం రంగు పెట్టె

నరసరావుపేటలో మాది బ్లౌజు ముక్కల కొట్టు. మ్యాచింగ్ సెంటర్ అంటారు. ఏళ్ల తరబడి రంగుల మధ్యే కూర్చోవడం వల్ల కాబోలు, లోకంలో ఏది చూసినా ముందు దాని రంగే నా కంట్లో పడుతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూనే మా అమ్మాయి విమానం నడపడం నేర్చుకుని, స్నేహితురాలితో కలిసి ఓ పాత రెండు సీట్ల విమానం కొన్నప్పుడూ అంతే. ఎంత పెట్టి కొన్నారని చుట్టాలందరూ అడిగారు. నేను మాత్రం ఆ తెలుపు మీద నెమలికంఠం గీత ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను.

మాచర్ల దాటాక, సాగర్ దగ్గర చిన్న రన్‌వే ఉంది. విమానాన్ని అక్కడే ఉంచుతారు. మా అమ్మాయి ఓసారి నన్ను తీసుకెళ్లి, తోక దగ్గర మూత విప్పి, లోపలున్న కనకాంబరం రంగు పెట్టెను చూపించింది. విమానం నేలకు గట్టిగా తగిలితే అది దానంతటదే సిగ్నల్ పంపుతుందట. మనకు వినపడదు, పైనున్న ఉపగ్రహాలకు వినపడుతుంది. అది లేకుండా ఎగరనివ్వరు. బ్యాటరీ గడువు దాటకూడదు. సరదాకి మోగించి చూడటానికీ వీల్లేదు. పరీక్షించాలంటే గంట మారిన మొదటి ఐదు నిమిషాల్లోనే చెయ్యాలి. లేకపోతే నిజంగానే ఎవరో పడ్డారనుకుంటారు.

"పెట్టె మోగితే, బెంగళూరులో ఆ సిగ్నల్ పట్టేవాళ్లు ఎవరికో ఒకరికి ఫోన్ చెయ్యాలి కదమ్మా. నీ నంబరిచ్చా," అంది.

"నా నంబరెందుకే? వాళ్లకి నేనేం చెప్తా?"

"నేనెక్కడికి పోయానో నీకైతే తెలుస్తదిగా."

ఆ మాటకు నేను పొంగిపోయాను.

అప్పటి నుంచి తెలియని నంబర్లన్నీ ఎత్తడం మొదలుపెట్టాను. లోను కావాలా అని విసిగించే వాళ్లతో కూడా మర్యాదగా మాట్లాడేదాన్ని. వాళ్లు అడుగుతున్నది లోను గురించే కదా అని ప్రాణం కుదుటపడేది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ గోడకానుకుని కళ్లు మూస్తే, సాగర్ నీళ్ల మీద నెమలికంఠం గీత జారిపోతూ కనిపించేది. దాని కింద కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, ఎర్రగా, దూరందాకా. ఫ్యాను గాలికి వేలాడే ముక్కలన్నీ కదులుతుంటే మా కొట్టే మెల్లగా పైకి లేస్తున్నట్టుండేది. నిద్రో మెలకువో నాకే తెలిసేది కాదు.

అలాంటి ఓ మధ్యాహ్నమే బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. ఇంగ్లీషులో మొదలుపెట్టిన అబ్బాయి నా తడబాటు చూసి తెలుగులోకి దిగాడు.

"మేడమ్, మీ అమ్మాయిగారి విమానం నుంచి సిగ్నల్ వస్తోంది. ఇవాళ ఎక్కడి నుంచి ఎక్కడికి బయల్దేరారో చెప్పగలరా?"

"మా అమ్మాయి హైదరాబాదులో ఆఫీసులో ఉందయ్యా. పొద్దున్నే నాతో చెప్పింది."

"సిగ్నల్ సాగర్ వైపు నుంచి వస్తోంది మేడమ్. లోపల ఎంతమంది ఉన్నారు? పెట్రోలు ఎంత పోశారు?"

తెలియదన్నాను. అన్నిటికీ అదే జవాబు. విమానం రంగు అడిగాడు. "తెలుపు. నెమలికంఠం గీత," అన్నాను. అదొక్కటే చెప్పగలిగాను. ఆ తర్వాత గోడ మీది రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. ఎదురుగా ఒకావిడ వంగపండు రంగులో మీటరు ముక్క అడుగుతూనే ఉంది. కత్తెర నా చేతిలోనే ఉంది. ఏడవాలని కూడా తోచలేదు.

కాసేపటికి ఆ అబ్బాయే మళ్లీ చేశాడు. రన్‌వే వాళ్లతో మాట్లాడాడట. మా అమ్మాయి దిగేటప్పుడు చక్రాలు నేలకు గట్టిగా తగిలి పెట్టె మోగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

సాయంత్రం అమ్మాయి మాచర్ల బస్సు దిగి ఇంటికొచ్చింది. గుమ్మంలోనే పట్టుకున్నాను.

"ఏందే ఇది? ఆఫీసులో ఉన్నానని చెప్పి గాల్లో తిరుగుతావా? ఆ పిల్లోడు అడుగుతా ఉంటే ఏం తెలీదని చెప్పాల్సొచ్చింది. కన్నతల్లినంట నేను!"

తను చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టింది.

"చెప్పిన రోజు నువ్వు అన్నం తినవు కదమ్మా. నేను దిగి ఫోన్ చేసేదాకా మంచినీళ్లు కూడా ముట్టవు. పైనున్నంతసేపూ నాకదే గుర్తొస్తది. చానా కష్టంగా ఉంటది. అందుకే చెప్పడం మానేశా."

నా కోపం ఎటు పోయిందో. నేను పస్తుంటే తను క్షేమంగా దిగుతుందని నమ్మాను. పైన ఒంటరిగా ఉన్న పిల్ల మీద నా ఆకలి కూడా మోపానని తెలిసి సిగ్గేసింది.

ఇప్పుడు బయల్దేరే ముందు అన్నీ చెబుతుంది. ఎక్కడికో, ఎవరితోనో, ఎన్నింటికి దిగుతుందో. ఫోన్ పెట్టేసి నేను కొట్లోనే క్యారేజీ విప్పుతాను. ముద్ద గొంతు దిగదు. నీళ్లు తాగి మింగుతాను. తినకపోతే తను నాకు మళ్లీ ఏమీ చెప్పదు.