ఆవు కాలేయమూ, నా పేరున్న లైనూ

ఆ రోజుల్లో పేపర్లో పేరు పడటమంటే పెళ్లికార్డులో పడటం కన్నా పెద్ద సంగతి. మొయినాబాద్‌లో కొత్తగా విలేకరినయ్యాను. కాలేజీ వార్షికోత్సవాలూ, చిల్కూరు దారిలో ఆటో బోల్తాలూ ఎన్ని రాసినా పైన ‘మా ప్రతినిధి’ అనే వచ్చేది. (ఆ ప్రతినిధి వేరే ఎవరో అనుకుని, ‘ఆ పిలగాడు నీకంటె మంచిగ రాస్తుండు’ అనేది మా అమ్మ.) అందుకే వ్యవసాయం పేజీకి పాడి ఆవుల మీద నా పేరుతోనే రాయమని ఆఫీసు వాళ్లు అనగానే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఓపికగా చెప్పాడు. బాగా పాలిచ్చే ఆవు ఈనిందంటే కాలేయానికి చేతినిండా పనేనట. మేతలోని సారం రక్తంలో కలిసి ముందు అక్కడికే పోతుంది, పాలకు కావలసిన చక్కెర అక్కడే తయారవుతుంది. తిండి చాలకపోతే ఒంట్లో కొవ్వు కరిగి వచ్చి ఆ కాలేయంలోనే పేరుకుంటుంది. "అందుకే ఈనినంక దాణ పెంచాలె. మెల్లమెల్లగ పెంచాలె" అన్నాడు. అట్లాగే రాశాను. సాయంత్రం ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు నుంచి ఫోను. "ఒక లైను ఎక్కువైంది. ఏమన్న తగ్గిస్తవా, నీ పేరు తీసెయ్యమంటవా?" అడిగితే, ఆఖరి వాక్యం చివర ‘మెల్లమెల్లగా’ అన్న మాట ఒక్కటే కింది లైనులోకి జారిందన్నారు. దాన్ని తీసేయమన్నాను.

వార్త వచ్చిన మర్నాడు పొద్దున్నే చేవెళ్ల దగ్గర నుంచి మేనమామ ఫోను. "అల్లుడా, నువ్వు రాసినట్టే చేసిన. ఆవు మేత ముడ్తలేదు. జల్ది రా." నాలుగు రోజుల కిందట ఈనిన ఆవు. ఆ ఇల్లు నడిచేదే దాని పాల మీద. వెంటనే బండి ఎక్కాను. దారి పొడుగునా నా కళ్ల ముందు ఆ ఆవు చచ్చిపోతూనే ఉంది. ఒక మలుపులో మామ నన్ను కొట్టాడు, ఇంకో మలుపులో ఏడ్చాడు. ఏడవడమే ఎక్కువ భయపెట్టింది.

కొట్టంలో ఆవు తల వాల్చి నిలబడి ఉంది. నెమరు లేదు. గోడకు నా వార్త, మైదా పిండితో అత్త అంటించింది. నా పేరు చుట్టూ పసుపు కూడా రాసింది. "రెండు పూటలు బకెట్‌నిండ దాణ పెట్టిన. పేపర్ల పడ్డంక తప్పైతదా?" అన్నాడు మామ. కోపంగా కాదు, నమ్మకంగా. నేను డాక్టరుకు ఫోను చేశాను.

డాక్టరు వచ్చి ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి చూశాడు. ఒక్కసారే అంత దాణా పడి కడుపు పులిసిందన్నాడు. వంట సోడా నీళ్లు తాగించి, దాణా ఆపి ఎండుగడ్డి మాత్రమే వేయమన్నాడు. తర్వాత గోడ మీది వార్త చదివాడు. "మెల్లమెల్లగ అని చెప్పిన గద తమ్మీ, అదేడ వాయె?"

"డెస్కుల కోసిన్రు సార్" అన్నాను. (అబద్ధం కాదు. కోయించింది ఎవరని ఆయన అడగలేదు.)

"ఎవడాడు? నాకు జర సూపియ్యి, ఆనికి బకెట్‌నిండ దాణ నేను తినిపిస్త" అని లేచాడు మామ.

మధ్యాహ్నం దాకా ఆవు దవడనే చూస్తూ కూర్చున్నాను. అది కదిలితే బతికినట్టు. అత్త అన్నం తినమంటే ఆవు తిన్నాక తింటానన్నాను. (భక్తి కాదు, భయం.) పొద్దు వాలుతుండగా ఆ దవడ ఒకసారి పక్కకు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. నేను గోడకేసి తిరిగి కళ్లు తుడుచుకుంటుంటే ఎదురుగా నా పేరే, పసుపుతో సహా.

ఇప్పుడు నేనే డెస్కులో కూర్చుని కొత్త పిల్లల వార్తల్లో లైన్లు కోస్తున్నాను. ‘మెల్లమెల్లగా’ కనిపిస్తే మాత్రం కత్తెర ఆగిపోతుంది. మామ పాల సీసాతో ఇంటికి వచ్చినప్పుడల్లా అడుగుతాడు.

"అల్లుడా, ఆ కోసినోడు ఉన్నడా, పోయిండా?"

"ఉన్నడు మామా" అంటాను. "ముసలోడైండు. జర బుద్ధొచ్చింది."